లుదోమిర్ సాక్సఫోన్, త్రేలా గారి కాపలా

"జాజ్ సంగీతం నేటి నుంచి శత్రువు కాదు" అని బితోమ్ పట్టణ సాంస్కృతిక కమిటీ కార్యదర్శి కామ్రేడ్ బోగుమిల్ త్రేలా ప్రకటించారు. నిన్నటిదాకా అది శత్రువేనని ప్రకటించిందీ ఆయనే. ఈ విషయంలో ఆయన్ని మించిన నిపుణుడు పోలండ్‌లో లేడు.

మా బ్యాండులో సాక్సఫోన్ లుదోమిర్ కుబిత్సా, డ్రమ్ములు నేను. ఐదేళ్ళు బొగ్గుగని క్యాంటీన్ కింద నేలమాళిగలో దొంగచాటుగా వాయించాం. ఇప్పుడు వెలుగులోకొచ్చాం. త్రేలా గారు స్వయంగా రిహార్సల్‌కి విచ్చేశారు.

"ఇందాక కాగితం చూడకుండా వాయించావే, అదేమిటి?" అని లుదోమిర్‌ని అడిగారు.

"అప్పటికప్పుడు తోచింది వాయిస్తాం కామ్రేడ్. జాజ్ అంటే అదే."

"భేష్. ఏం తోచబోతోందో మూడు రోజుల ముందే రాసివ్వు."

ఇచ్చాడు. విషాదం ఎక్కువైందని కమిటీ రెండు చోట్ల కొట్టేసింది. కచేరీలో లుదోమిర్ కళ్ళు మూసుకుని, కాగితంలో లేనిదంతా వాయించాడు. గని కార్మికులు బెంచీలెక్కి కేకలేశారు. "రాసింది రాసినట్టు వాయించాడు!" అని త్రేలా గారు మురిసిపోయారు. పేపర్లో ఆయన ఫొటోయే పడింది.

మరుసటేడు స్టాక్‌హోమ్ ఉత్సవం నుంచి లుదోమిర్‌కి పిలుపొచ్చింది. పంపితే పారిపోతాడు, పంపకపోతే పరువు పోతుంది. చివరికి కాపలాగా త్రేలా గారే బయల్దేరారు. మూడు రోజుల ఉత్సవానికి నాలుగు పెట్టెలు సర్దుకున్నారు. బాధ్యత బరువు అలాంటిది.

ఓడరేవుకి వెళ్ళే రైలెక్కేముందు స్టేషన్లో లుదోమిర్ భార్య హాల్ష్కా అతని కాలరు సర్దుతూ గొణిగింది. "అక్కడే ఉండిపో. నా తిప్పలేవో నేను పడతా."

ఐదో రోజు లుదోమిర్ ఓడ దిగాడు. ఒక్కడే.

"త్రేలా ఏడీ?" విచారణాధికారి బల్ల గుద్దాడు.

"సిగరెట్లు కొనుక్కొస్తానని వెళ్ళారండి."

"మరి నువ్వెందుకొచ్చావ్?"

"మా ఆవిడ ఇక్కడుంది కదండీ."

"ఇదే అనుమానంగా ఉంది" అని అధికారి రాసుకున్నాడు. కాపలాదారుని సరిగ్గా కాపలా కాయనందుకు లుదోమిర్ పాస్‌పోర్టు రద్దయింది. ఏడాదిపాటు కచేరీలు బంద్.

ఆదివారం మధ్యాహ్నం హాల్ష్కా చేసిన బీట్‌రూట్ చారు తాగుతూ విదేశీ రేడియో పెట్టాం. గరగరల మధ్య త్రేలా గారి గొంతు వినబడింది. "జాజ్ స్వేచ్ఛ కోసం నేను పడని కష్టం లేదు." ప్రవాస కళాకారుల్ని గుర్తించడానికి అక్కడో కమిటీ వేశారట. అధ్యక్షులు ఆయనే. పోలండ్ నుంచి పారిపోదల్చినవాళ్ళు ముందుగా ఆయనకి దరఖాస్తు పెట్టుకోవాలట.

లుదోమిర్ చెంచా కింద పెట్టాడు.

"దరఖాస్తు ఎన్ని కాపీలు పెట్టాలో చెప్పాడా?"