నాలుగు మెట్లకు నలభయ్యారు పేజీలు

పని చెయ్యడం ఎవడైనా చేస్తాడు. చెయ్యడానికి ముందు దాని గురించి నలభయ్యారు పేజీలు రాయగలిగినవాడే నాగరికుడు!

కొట్టిపారెయ్యకండి. ఈ మాట అంటున్నవాడు పదిహేనేళ్లుగా నోయిడాలో ఓ కంపెనీలో కూర్చుని ప్రపోజళ్లు రాసి పెళ్లాం పిల్లల్ని పోషిస్తున్నవాడు. తెలియనివారికి చెబుతాను. మాకు ఫలానాది కావాలి, అది ఇలా ఉండాలి, ఇచ్చేవాడికి ఈ అర్హతలుండాలి అని రాసి నలుగురికీ పంపే కాగితాన్ని ఆర్‌ఎఫ్‌పీ అంటారు. మమ్మల్ని మించిన మొనగాళ్లు లేరు అని వాళ్లు తిరిగి రాసి పంపేది ప్రపోజల్. ఈ రెండు కాగితాల మధ్యే ఢిల్లీ చుట్టుపక్కల సగం మంది ఉద్యోగాలు చేస్తున్నారు.

ఇందులో ఉన్న సుఖం ఆలోచించారా? పని చేశారనుకోండి, గోడ వంకరపోతుంది, కుళాయి కారుతుంది, మాట పడాల్సివస్తుంది. ప్రపోజల్లో గోడ ఎన్నడైనా వంకరపోయిందా? అందులో ప్రతి కుళాయీ ప్రపంచ స్థాయి కుళాయే! రాసినవాడికి జీతం, చదివినవాడికి హోదా, చదవకుండా సంతకం పెట్టినవాడికి ప్రమోషన్. ఇంతమందికి మేలు చేసే ప్రక్రియ ఇంకోటి చూపించండి.

ఉదాహరణ లేకుండా మాట్లాడే అలవాటు నాకు లేదు. మా చర్చి సంగతే చెబుతాను.

గ్రేటర్ నోయిడాలో మాదొక చిన్న తెలుగు సంఘం. నూట ఇరవై మందిమి. సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్లు, సగం మంది ఆసుపత్రుల్లో నర్సులు. మందిరం చక్కగా ఉంటుంది. గుమ్మం ముందు నాలుగు మెట్లుంటాయి. ఆ మెట్లను ఇరవై ఏళ్లుగా ఎవరూ పట్టించుకోలేదు. మొన్న జనవరిలో సువార్త సిస్టర్ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుని, ఆపరేషనై, చక్రాల కుర్చీలోకి వచ్చాక మాత్రం అందరికీ ఒక్కసారే కనిపించాయి.

సువార్త సిస్టర్ నలభై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యారు. మా సంఘంలో ఆవిడ చేతి సూది పడని పిల్లాడు లేడు. నా భార్య కాన్పుకి మేము పిలవకముందే వచ్చి, బిడ్డ ఏడుపు విన్నాకే ఇంటికెళ్లిన మనిషి.

ఫిబ్రవరి మొదటి ఆదివారం ఆవిడ కారు గుమ్మం ముందు ఆగింది. నలుగురు కుర్రాళ్లు కుర్చీ ఎత్తబోయారు. ఒకడికి నడుం పట్టేసింది, కుర్చీ ఓ పక్కకి ఒరిగింది. ఆవిడ "యేసయ్యా!" అని కేక వేశారు. వెంటనే మా కమిటీ ఛైర్మన్ సిలాసు గారు చెయ్యెత్తి ఆపేశారు. ఆయన ఆడిట్ శాఖలో రిటైరైన మనిషి.

"పడితే బాధ్యత ఎవరిదండీ? పద్ధతి ప్రకారం ర్యాంపు కట్టిద్దాం" అన్నారు.

ఆయన భయానికి కారణం లేకపోలేదు. రెండేళ్ల కిందట ఒక బ్రదర్ చొరవ తీసుకుని కరోల్ బాగ్ వెళ్లి చర్చికి మైక్ సెట్ తెచ్చాడు. మైకు బాగానే ఉంది. ఎవర్నడిగి తెచ్చావని ఏడు నెలలు అదే మైకులో పోట్లాడుకున్నాం. మంచికి పోతే చెడెదురైందని ఆ బ్రదర్ ఇప్పటికీ వెనక బెంచీలోంచి లేవడు. అందుకే అందరూ నావైపు చూశారు. ఊళ్లో పెళ్లికి నేనుండగా వేరే పురోహితుడెందుకు?

నేను మొదలుపెట్టకముందే ఒక ప్రమాదం తప్పింది. పక్క వీధిలో పనిచేసే రామ్‌నివాస్ అనే మిస్త్రీ అటుగా పోతూ మెట్లు చూశాడు. జానతో కొలిచాడు.

"దో దిన్ కా కామ్ హై, సాబ్. సిమెంట్ సూఖ్‌నే దో, బస్" అన్నాడు.

రెండు రోజుల పనట! ఇలాంటి వాళ్ల వల్లే కదా దేశం వెనకబడింది? మెథడాలజీ లేదు, గాంట్ చార్ట్ లేదు, రిస్క్ రిజిస్టర్ లేదు. ఆర్‌ఎఫ్‌పీ వస్తుంది, అప్పుడు అప్లై చెయ్యి భయ్యా అని మర్యాదగా పంపించేశాను.

మూడు వారాల్లో డాక్యుమెంటు సిద్ధమైంది. నలభయ్యారు పేజీలు. పాఠకులారా, వాస్తవం దాచను. ఇందులో ఐదు పేజీలే నా సొంతం. మిగతాది మా ఆఫీసులో అంతకుముందు ఒక డేటా సెంటర్ కోసం రాసిన టెంప్లేట్. మా వృత్తిలో తెల్ల కాగితం ముందు కూర్చునేవాణ్ణి పిచ్చివాడంటారు. "సర్వర్" అని ఉన్నచోటల్లా "ర్యాంపు" అని మార్చాను. మార్చేశానని కంప్యూటర్ చెప్పింది, నమ్మాను.

అలా మా ర్యాంపుకి ఇరవై నాలుగు గంటల హెల్ప్‌డెస్క్ వచ్చింది. ఏడాదిలో తొంభై తొమ్మిదిన్నర శాతం సమయం ర్యాంపు పనిచెయ్యాలన్న నియమం వచ్చింది. అన్నిటికన్నా అందమైనది ముప్పయ్యొకటో పేజీ. ఏదైనా విపత్తు వచ్చి ర్యాంపు దెబ్బతింటే, వెంటనే వాడుకోవడానికి కనీసం ఐదువందల కిలోమీటర్ల దూరంలో, వేరే భూకంప మండలంలో, ఇంకో ర్యాంపు సిద్ధంగా ఉండాలి!

కమిటీ సభ్యులు పదకొండుగురూ చదివామని సంతకాలు పెట్టారు. ఒక్కరూ తప్పు పట్టలేదు. పైగా సిలాసు గారు "సమగ్రంగా ఉంది" అన్నారు.

పట్టుకున్నది ఆ పనికి పోటీపడ్డ బిడ్డర్లు. అనుమానాలు తీర్చే మీటింగులో ఒకతను లేచి, "సర్, ఆ రెండో ర్యాంపు లక్నోలో కడితే ఠీక్ హై?" అని అడిగాడు. నేను తప్పు ఒప్పుకుంటానా? పదిహేనేళ్ల అనుభవం ఏమైపోవాలి? లిఖితపూర్వకంగా జవాబిస్తామన్నాను. జవాబివ్వాలంటే సవరణ పత్రం కావాలి. సవరణ పత్రం విడుదల చేస్తే గడువు ఇరవయ్యొక్క రోజులు పొడిగించాలని పద్నాలుగో పేజీలో నేనే రాశాను. పొడిగించాం. నియమం నియమమే!

ఈలోపు ఆదివారాలు వస్తూనే ఉన్నాయి. సువార్త సిస్టర్ కారు కూడా వస్తూనే ఉంది. ఆవిడ గుమ్మం ముందు కార్లోనే కూర్చుని, అద్దం దించుకుని, మైకులోంచి వినబడినంత వాక్యం వినేవారు. పాటలొచ్చినప్పుడు లోపలివాళ్లతో కలిసి పాడేవారు. ఫిబ్రవరిలో శాలువా కప్పుకున్నారు, మేలో తడి తువ్వాలు మెడకి చుట్టుకున్నారు. ఆరాధన అయ్యాక మేమంతా వెళ్లి కారు అద్దంలోంచి ఆవిడ చెయ్యి పట్టుకుని, "ప్రాసెస్‌లో ఉందమ్మా" అని చెప్పి వచ్చేవాళ్లం.

రామ్‌నివాస్ అప్లై చెయ్యలేదు. గత ఐదేళ్లలో ఇలాంటి మూడు ప్రాజెక్టులు పూర్తి చేసినట్టు సర్టిఫికెట్లు కావాలన్నాం కదా. అతను రోడ్డవతల చెయ్యి చాపి, తను కట్టిన ఇళ్లు చూపించాడు. ఇళ్లని అనెక్షర్‌లో జతపరచడం కుదరదు.

టెక్నికల్ రౌండ్‌లో ఒక కన్సల్టెన్సీ కంపెనీ వందకి తొంభై నాలుగు మార్కులతో గెలిచింది. వాళ్ల ప్రపోజల్లో కవరు మీద నవ్వుతున్న ముసలావిడ బొమ్మ ఉంది. ఏ దేశపు ముసలావిడో తెలియదు గానీ, నవ్వు మాత్రం అద్భుతం. వాళ్లు మొదటి దశలో ప్రస్తుత పరిస్థితి మీద అధ్యయనం చేసి నివేదిక ఇచ్చారు. మెట్లు నాలుగున్నాయని తేలింది.

జూన్ మూడో ఆదివారం గుమ్మం ముందు కారు లేదు. సువార్త సిస్టర్ కూతురు ఫేబీకి ఫోన్ చేశాను.

"అంకుల్, మమ్మీ నౌ గోస్ టు ద హిందీ చర్చ్, పీఛే వాలీ గలీ మే. వహాఁ దో హీ స్టెప్స్ హై. వో లోగ్ పట్రా లగా దేతే హై" అంది.

వెనక వీధి హిందీ చర్చిలో రెండే మెట్లట, వాటి మీద చెక్క వేస్తారట! కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. "తుది వినియోగదారు అందుబాటులో లేనందున ప్రాజెక్టు సంతృప్తికరంగా ముగిసినది" అని తీర్మానం రాశాం. చూశారా? ర్యాంపు కట్టుంటే దాన్ని కడగాలి, సున్నం వెయ్యాలి. మా పద్ధతిలో సమస్యే లేకుండా పోయింది. ఇప్పుడు మా గుమ్మం ముందు ఎవరూ ఎదురుచూడటం లేదు.

ఫైలు మూసేముందు ఒకసారి వెతుకుదామని డాక్యుమెంటు తెరిచి "సువార్త" అని కొట్టాను. నలభయ్యారు పేజీల్లో ఒక్కచోటా లేదని చెప్పింది కంప్యూటర్. ఈసారీ నమ్మాను.

తర్వాతి ఆదివారం ఆ వెనక వీధికెళ్లాను. తనిఖీ కోసమే, ఇంకేం లేదు. గుమ్మం దగ్గర పాత తలుపు చెక్క ఒకటి మెట్ల మీద వాల్చారు. ఇద్దరు పట్టుకోవాలి. అప్పటికి ఒకాయనే ఉన్నాడు. కుర్చీలోంచి సువార్త సిస్టర్ నన్ను చూసి మొహమంతా నవ్వారు.

"ఎరిక్ బాబూ! మన ర్యాంపు ఎందాకా వచ్చింది నాన్నా?"

"టెక్నికల్ రౌండ్ అయిందండీ."

"పోన్లే, తొందరపడకండి. ఇక్కడ పాటలే తెలియట్లేదు బాబూ. నాకొచ్చిన హిందీ అంతా వార్డు హిందీయే కదా. దర్ద్ కహాఁ హై, దవాయీ ఖాయీ క్యా, నొప్పీ మందూ, అంతే. ఆ మాటల్తో ఎంతసేపని ప్రార్థన చెయ్యను?"

పదిహేనేళ్లలో మొదటిసారి, అడిగినదానికి నా దగ్గర ఒక్క పేరా లేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"భాయ్‌సాబ్, జరా ఉధర్ సే పకడియే" అన్నాడు చెక్క దగ్గరున్నాయన.

అటు చివర పట్టుకున్నాను. ఫేబీ తోసింది. కుర్చీ పైకెక్కింది. చేతి గడియారం చూసుకునే అలవాటు కొద్దీ చూశాను. పదకొండు సెకన్లు.

మా సంఘంలో మేము నూట ఇరవై మందిమి. అందరికీ రెండేసి చేతులున్నాయి.