పిల్ల పేరు మీద పాలు

రేపటి నుంచి ఈ ఇంట్లో లీటరు పాలు అదనంగా తీసుకోబడునని ఇందుమూలంగా తెలియజేయడమైనది. తెలియజేసినవారు ఇంటి పెద్ద, ఆఫీసులో సూపరింటెండెంటు. తెలుసుకున్నవారు ఆయన భార్య, తల్లి, తమ్ముడు. కారణం, రెండో తరగతి చదివే కూతురు మోకాలెత్తు సోఫా మీంచి దూకి ఎడంచెయ్యి మణికట్టు దగ్గర విరగ్గొట్టుకుంది. ఆ పిల్లని ఇంట్లో పుల్ల అంటారు. ఒంటి తీరుని బట్టి ముద్దుగా పెట్టుకున్న పేరు.

డాక్టరు కట్టు కడుతూ చెప్పాడు. "ఎదిగే ఎముక. కాల్షియం చాలట్లేదు. పాలు, పెరుగు, గుడ్డు, ఆకుకూరలు పెట్టండి. కాసేపు ఎండలో ఆడనివ్వండి. కట్టు విప్పి ఎక్స్‌రే తీశాక, గట్టిపడిందనిపిస్తేనే పరుగులు." పుల్లకి ఆఖరి ముక్కొక్కటే చెవినపడింది. స్కూల్లో ఆటల పోటీలు దగ్గరపడ్డాయి. పరుగుపందెంలో తనని అందుకునేవాళ్లు క్లాసులో లేరు.

సూపరింటెండెంటు గారు హాలు మధ్యలో నిలబడి ప్రసంగించారు. "ఎముకల విషయంలో రాజీపడే ప్రశ్నే లేదు. వచ్చే ప్రతి చుక్కా పిల్లదే. పుల్ల ఈసారి పరిగెత్తుతుంది, కప్పు కొడుతుంది." తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. మర్నాడు పాలొచ్చాయి.

అవి మంచివో కావో పసిపిల్లకేం తెలుస్తుంది? బాధ్యత గల తండ్రిగా ముందు తనే ఒక గ్లాసు తాగి చూశారాయన. బాగున్నాయి. అయినా నిన్న బాగున్నాయని ఇవాళ నమ్మేస్తే ఎలా? రోజూ చూశారు. మీగడ పిల్లకి అరగదని అది కూడా ఆయనే భరించారు. నానమ్మ, "పసిదాని నోటి దగ్గరవి నాకెందుకే" అని మొహమాటపడి టీలోకి రెండే రెండు చుక్కలు వేయించుకుంది. చుక్క కొలత ఎంతన్నది తీర్మానంలో లేదు. బాబాయి కండలు పెంచుతున్నాడు, కాబట్టి అతని సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇక పరామర్శకొచ్చేవాళ్లు. పాపం, పిల్ల చెయ్యి చూసి చలించిపోయి, సోఫాలో కూలబడి, చిక్కటి టీ అందుకుని, "పిల్లకి పాలు బాగా పట్టండమ్మా, అశ్రద్ధ చెయ్యకండి" అని గట్టిగా చెప్పి వెళ్లేవారు. కొందరు ఆ సంగతి గుర్తుచెయ్యడానికి మళ్లీ వచ్చేవారు.

అయితే పుల్లకి అన్యాయం జరిగిందనుకోకండి. పిల్ల గ్లాసు నిండుగా ఉండాలని వాళ్లమ్మ పట్టుదల. మిగిలిన పాలు ఎంతైనా సరే, నీళ్లు పోసి అంచుదాకా నింపేది.

"నాన్నా, గ్లాసు అడుగున పువ్వు బొమ్మ కనిపిస్తోంది," అంది పుల్ల.

"స్వచ్ఛమైన పాలు అలాగే ఉంటాయమ్మా, తాగెయ్," అన్నారాయన. ఆఫీసులోనూ ఆయన జవాబులు ఇలాగే ఉంటాయి, అందుకే పైకొచ్చారు.

గుడ్డు విషయంలో బాబాయి చదువు అక్కరకొచ్చింది. కాల్షియం అంతా పెంకులోనే ఉంటుందట. అందుకని పనికిరాని లోపలిభాగం తను తినేసి, పెంకు పుల్లకి వదిలేశాడు. వాళ్లమ్మ ఆ పెంకుల్ని గులాబీ కుండీలో వేసింది. ఆ మొక్క మాత్రం ఏపుగా పెరిగింది.

ఎండ దగ్గర నానమ్మ అడ్డుపడింది. "ఆడపిల్ల నల్లబడితే రేపు ఎవరురా సమాధానం చెప్పేది?" నిజమే. అలాగని డాక్టరు మాట తీసెయ్యలేం. అందుకే సూపరింటెండెంటు గారు పిల్ల తరఫున రోజూ డాబా మీద కుర్చీ వేసుకుని కూచున్నారు.

కట్టు విప్పేరోజు వచ్చింది. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి చూశాడు, ఇంకోసారి చూశాడు.

"అతుక్కుంది కానీ బలం లేదు. పాలు ఇస్తున్నారా?"

"లీటరండీ. పిల్ల పేరు మీదే."

"తాగుతున్నావా అమ్మా?"

పుల్ల అబద్ధం చెప్పదు. "మా ఇంట్లో అందరూ తాగుతారండీ," అంది.

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈసారికి పరుగు వద్దమ్మా." పుల్ల ఏడవలేదు. దారి పొడుగునా నాన్న చెయ్యి మాత్రం పట్టుకోలేదు. ఆయన మనసు చివుక్కుమంది. ఇంటికి రాగానే పాలు రెండు లీటర్లకి పెంచారు.

ఆటల పోటీల రోజు పుల్ల నీడలో బెంచీ మీద కూచుంది. ఆఖర్న తండ్రులకి పరుగుపందెం పెట్టారు. సూపరింటెండెంటు గారు పరిగెత్తారండీ, అదేం పరుగు! మిగతా నాన్నలు సగం దూరంలో ఆయాసపడుతుంటే ఈయన దారం తెంపి, కప్పు పుచ్చుకుని, మైకు కూడా పుచ్చుకున్నారు. "ఈ విజయం నా కూతురికి అంకితం. పాలు, ఎండ, క్రమశిక్షణ. అంతే." చప్పట్లు మోగిపోయాయి. హెడ్మాస్టరుగారు కళ్లు ఒత్తుకున్నారు.

సాయంత్రం ఇంట్లో ఆ సంబరానికి అందరికీ టీలు. పుల్ల వచ్చి నాన్న మోకాలు ఆనుకుని నిలబడింది.

"నాన్నా, నాకు కూడా టీ అలవాటు చెయ్యవా?"

"ఎందుకే?"

"అందులో పాలుంటాయిగా."

ఇల్లంతా గొల్లున నవ్వింది. చిన్నపిల్లలు టీ తాగకూడదని, అందులోనూ ఎముకలకి అసలు మంచిది కాదని, అందరూ కలిసి ఓపిగ్గా చెప్పారు, గుక్కకీ గుక్కకీ మధ్యలో.

మీకూ నవ్వొచ్చే ఉంటుంది. నవ్వండి, తప్పులేదు. కాకపోతే చేతిలో కప్పు కాస్త కింద పెట్టి నవ్వండి. ఒలికితే పోయేది పిల్లల పాలే.