మూత నిలబడని కంప్యూటరు వర్ధిల్లాలి!

సర్కారు ఆఫీసులో లాప్‌టాప్ మూత నిలబడకుండా దబ్బున పడిపోవడమంత గొప్ప వరం పేదవాడికి ఇంకోటి లేదు! నవ్వకండి. సంగతి విన్నాక మీరే మీ ఆఫీసుకి పరిగెడతారు.

లాప్‌టాప్ తెలుసు కదా? ఒళ్లో పెట్టుకునే కంప్యూటరు. దాని మూతే దాని తెర. మూతకీ ఒంటికీ మధ్య రెండు చిన్న మడతబందులుంటాయి. సాబ్ ఎంత వంచితే అంతలో ఆగాలి. ఎండ పడితే వెనక్కి, నిద్రొస్తే ముందుకి! ఆహా, ఎంత ఆలోచించారో కంపెనీవాళ్లు! బల్లకి అవతల చెమటలు కక్కుతూ నిలబడ్డవాడి సంగతి మాత్రం ఆలోచించలేదు. వాడికి కనబడేది మూత వీపు.

అలాంటిదొకటి తొంభై ఏడు వానాకాలంలో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోకి దిగింది. క్వార్టర్ల మరమ్మతులు చూసే వేణుగోపాల్ సాబ్ బల్లెక్కి కూర్చుంది. అంతకుముందు మరమ్మతు కావాలంటే పద్ధతి సులువు. సాబ్ ఎదురుగా నిలబడి అరవడమే! అరుపు భరించలేక ఆయన మేస్త్రీని పంపేవాడు. ఇప్పుడు అరుపుకి అడ్డంగా మూత లేచింది. మూత వెనక నుంచి ఒకటే మాట: "కంప్యూటర్లో చూస్తాను."

వేగన్ షెడ్డులో ఫిట్టరు త్రినాథరావుకి ఆ మాట వినీ వినీ చెవులు తుప్పు పట్టాయి. తాతలనాడు బొబ్బిలి నుంచి పట్టాల వెంట వచ్చిన కుటుంబం అతనిది. వంటింటి పైన రేకు పగిలింది. వాన తిన్నగా పొయ్యిలోకే. పప్పు చారైపోతోంది, చారు కాలువైపోతోంది. పెళ్లాం చిన్నతల్లి ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో గరిటె పట్టుకుని వంట చేస్తోంది.

"ఏటయ్యా, గిన్నె దించాలంటే గొడుగు పళ్లతో పట్టుకోమంటావేటి?"

"సాబ్‌తో సెప్పేనే."

"సెప్తే ఏటన్నాడు?"

"కంప్యూటర్లో సూత్తానన్నాడు."

"కంప్యూటర్లో పడతందేటి వాన? మనింట్లో కదా పడతంది! ఇక్కడికొచ్చి సూడమను!"

ఇంత చిన్న సంగతి ఇంతింత చదువులు చదివినవాళ్లకి తట్టలేదు చూశారా! సరే, కథలోకి రండి.

ఓ రోజు ఆ మూత మడతబందులు కిర్రుమన్నాయి. సాబ్‌కి తలనొప్పి వచ్చింది. షెడ్డు నుంచి మనిషిని పిలిపించమన్నాడు. త్రినాథరావు పొడుగు ముక్కు నూనెడబ్బా పట్టుకుని ఎగురుకుంటూ వెళ్లాడు. కిర్రు ఆపితే సాబ్ సంతోషిస్తాడు, సంతోషిస్తే రేకు వేయిస్తాడు. ఇదీ అతని లెక్క.

మన షెడ్డువాళ్లకి ఒక్కటే శాస్త్రం. కిర్రుమన్నదానికి నూనె! వేగన్ తలుపైనా, కేంటీన్ బెంచీ అయినా సరే. మేనల్లుడి పెళ్లిలో సన్నాయి కీచుమంటే నూనెడబ్బా కోసం తడుముకున్న మనిషి త్రినాథరావు. లాప్‌టాప్‌ని వదులుతాడా? కొత్త మిషను కదా అని ముందు మూత మీద పసుపు రాసి కుంకంబొట్టు పెట్టాడు. దండం పెట్టాడు. రెండు మడతబందుల్లోనూ నూనె ధారగా పోశాడు.

కిర్రు ఆగింది. సాబ్ "భేష్!" అన్నాడు. మూత ఎత్తాడు. మూత వచ్చి సాబ్ వేళ్ల మీద పడింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ పడింది.

ఏమైందంటే, వేగన్ తలుపుకి కదలడం వస్తే చాలు. లాప్‌టాప్ మూతకి మాత్రం ఆగడం రావాలి. బిగువే దాని బలం. ఆ బిగువంతా నూనెలో కొట్టుకుపోయింది!

"సాబ్, మా వంటింటి రేకు..."

"ముందు నా వేళ్లు చూడవయ్యా!"

ఆ తర్వాత ఆఫీసు ఆఫీసంతా మూత నిలబెట్టే మహాయజ్ఞంలో పడింది. వెనక ఇటుక పెట్టారు. కిటికీలో ఎండ జరిగింది గానీ ఇటుక జరగలేదు. మూతకి తాడు కట్టి ఫ్యానుకి వేలాడదీశారు. ప్యూను రాంప్రసాద్ ఉక్కగా ఉందని స్విచ్ వేశాడు. లాప్‌టాప్ పల్లకీ ఎక్కిన పెళ్లికూతురిలా గాల్లోకి లేచింది. సాబ్ కుర్చీ ఎక్కి కౌగిలించుకోబట్టి ప్రభుత్వ ఆస్తి దక్కింది.

చివరికి హుకుం వచ్చింది. పాడుచేసినవాడే పట్టుకోవాలి! త్రినాథరావుకి షెడ్డు డ్యూటీ పోయి తెర డ్యూటీ వచ్చింది. సాబ్‌కి ఎదురుగా, బల్లకి అవతల నిలబడి రెండు చేతులా మూత పట్టుకోవడమే పని.

రైల్వేలో ఏ పనికైనా రూలుంటుంది కదా! రిలీవరు వచ్చి చార్జి తీసుకోందే డ్యూటీలో ఉన్నవాడు కదలకూడదు. ఓ మధ్యాహ్నం రిలీవరు రాలేదు. త్రినాథరావుకి ఆకలేసింది. సాబే లేచి వచ్చి చార్జి తీసుకున్నాడు. తన తెరని తానే వెనక నుంచి పట్టుకుని, దానిలో ఏముందో తెలియక గంటసేపు నిలబడ్డాడు. రెండు యూనియన్లు గేటు ముందు టెంట్లు వేసి కొట్టుకున్నాయి. మూత పట్టడం చేతిపనా, చేతకాని పనా? ఏ గ్రేడు ఇవ్వాలి? త్రినాథరావు వంటింటి సంగతి ఏ టెంటులోనూ రాలేదు.

ఇంకో చిక్కు. మధ్యలో మూత! సాబ్‌కి త్రినాథరావు కనబడడు, త్రినాథరావుకి సాబ్ కనబడడు. మూత ఎటు వంచాలో తెలిసేదెలా? షంటింగులో ఇంజను వెనక్కి తేవాలంటే ఏం చేస్తాం? జెండా ఊపుతాం. అదే చేశారు. రాంప్రసాద్ బల్ల పక్కన నిలబడి, సాబ్ కనుబొమ్మలు చూసి, పచ్చజెండా ఊపితే మూత వెనక్కి. ఎర్రజెండా చూపితే ఆపు. ప్రపంచంలో ఏ కంపెనీ కనిపెట్టింది ఇంత మేలైన మడతబందు?

త్రినాథరావు ఆశ మాత్రం చావలేదు. తెర మీదికి ఎప్పటికైనా తన వంటిల్లు రాకపోదు. గొంతు తగ్గించి అడిగేవాడు.

"ఒరే రాంప్రసాదూ, మా రేకు కనబడతందేటిరా?"

"లేదన్నా. ఇస్పేటు రాణి కనబడతంది."

"అదేటి?"

"సాబ్ పేకాడతన్నాడు అన్నా. అచ్ఛా, కదలకు. ఆట మంచి పట్టు మీదుంది."

వాన ముదిరింది. ఓ రోజు చిన్నతల్లి తడిసి ముద్దయి, చేతిలో కేరేజీతో ఆఫీసులోకి వచ్చింది. పొయ్యి ఆరిపోయింది, గొడుగు విరిగిపోయింది, ఓపిక అంతకంటే ముందే అయిపోయింది. మూత మీది కుంకంబొట్టు చూసి, గుడికి వచ్చినట్టు చెప్పులు విప్పింది.

"బాబూ, మా వంటింట్లో వాన..."

మూత మాట్లాడింది. "కంప్యూటర్లో చూస్తానమ్మా."

చిన్నతల్లి మొగుడి వైపు తిరిగింది.

"ఏటయ్యా, నువ్వు పట్టుకున్నావు గనకే గదా ఆ బాబు దానెనక దాక్కున్నాడు! ఒగ్గీయ్!"

"రిలీవరు రాలేదే..."

"వొచ్చేను గదా నాను! ఒగ్గీయ్!"

త్రినాథరావు చేతులు ఆ రూలు ఎరిగినవే. చార్జి అప్పచెప్పినట్టు వదిలేశాయి. మూత పడింది.

అయ్యా, అప్పుడు జరిగింది అద్భుతం! మూత పడితే, దాని వెనక సాబ్ మొహం ఉంది. ఆయనకీ ఎదురుగా మనుషులు కనబడ్డారు. కళ్లు చికిలించి చూశాడు.

"ఎవరయ్యా నువ్వు?"

"తెర పట్టుకునేవోణ్ణి సాబ్. వానలు పడ్డ కాడి నుంచీ ఇక్కడే ఉన్నాను."

చిన్నతల్లి ఆ మూత మీదే కేరేజీ పెట్టి గిన్నె తెరిచింది. నిండా నీళ్లు. అడుగున నాలుగు కందిబద్దలు.

"ఇది పప్పు, బాబూ."

సాబ్ దానికేసి చూశాడు. చూడక ఏం చేస్తాడు? చూడడానికి ఇంకోటి లేదుగా! లేచి వాళ్ల వెంట నడిచాడు. వంటింట్లో నిలబడ్డాడు. రేకు చిల్లులోంచి వాన నెత్తి మీద పడి మెడలోంచి చొక్కాలోకి దిగింది. ఆ సాయంత్రమే కొత్త రేకు వచ్చింది. మేస్త్రీ వచ్చాడు. మర్నాడు చిన్నతల్లి రెండు చేతులతో వంట చేసింది.

ఇప్పుడు చెప్పండి, సడలిన మడతబందు వరమా కాదా?

కానీ మనవాళ్లు వరాన్ని ఉంచుకోరు. వారం తిరక్కుండా సాబ్‌కి కొత్త లాప్‌టాప్ వచ్చింది. దాని మూత ఇనుములా నిలబడింది. సాబ్ మళ్లీ మాయమయ్యాడు. త్రినాథరావు షెడ్డుకి వెళ్లిపోయాడు. పక్క క్వార్టరు మంగాయమ్మ ఇంట్లో కుళాయి ఆగకుండా కారుతోందని వెళితే, మూత అంది, "కంప్యూటర్లో చూస్తాను."

మూతని ఇన్ని వంకరల్లో వంచడం నేర్చిన బుద్ధిమంతులకి, దాన్ని బల్లకి అవతలివాడి వైపు తిప్పే మడతబందు చేయడం చేతకాలేదా? అది చేయకపోతే పోనీ. తెర పక్కనుంచి మనిషిని చూడడానికి సాబ్ మెడకి మడతబందు పుట్టుకతోనే ఉంది కదా! అది తుప్పు పడితే ఏ షెడ్డులో నూనె వేస్తారు?

మంగాయమ్మ ఏడుపు విన్న మర్నాడు, త్రినాథరావు డ్యూటీ దిగి తిన్నగా సాబ్ గదికి వెళ్లాడు. చంకలో పొడుగు ముక్కు నూనెడబ్బా.

"ఏంటయ్యా, ఇది కొత్తది. కిర్రుమనడం లేదు కదా!" అంది మూత.

"అనకముందే ఎయ్యాల సాబ్. మా షెడ్డులో అలాగే నేర్పేరు."

బల్ల పక్కన రాంప్రసాద్ పచ్చజెండా ఊపాడు.