తొట్టెలు కడిగితేనే డాక్టరు

డాక్టర్లు కావాలనుకునే పిల్లల చేత చేపల తొట్టెలు కడిగించడం అన్యాయమని కొందరు తల్లిదండ్రులు గోల పెడుతున్నారు. అన్యాయమా? అంతకు మించిన వరం లేదంటాను నేను. మిల్వాకీలో ఒక పరిశోధన ల్యాబ్‌కి ఇరవై రెండేళ్లుగా మేనేజరుగా ఉన్నదాన్ని. కాస్త నా మాటా వినండి.

వైద్యం, పరిశోధన డాక్టరేటూ కలిపి చదివే ఎనిమిదేళ్ల కోర్సు ఒకటుంది. అందులో సీటు కావాలంటే డిగ్రీ చదువుతుండగానే ల్యాబ్‌లో పనిచేసి ఉండాలి. ఎన్ని గంటలు చేశావు, ఎన్ని పరిశోధన పేపర్లు అచ్చయ్యాయి అని అప్లికేషన్‌లో గళ్లుంటాయి. ఆ గళ్లు నింపుకోవడానికి పిల్లలు మా గుమ్మం ముందు క్యూ కడతారు. జీతం అడగరు, సెలవడగరు. ఈ పద్ధతి కనిపెట్టినవాళ్లకి విగ్రహం పెట్టించాలా వద్దా?

టెస్సా కొవాల్‌చిక్ అలా వచ్చిన పిల్లే. డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా చేరింది. మా ప్రొఫెసర్ హౌగెన్ గారు జీబ్రా చేపల గుండె మీద పనిచేస్తారు. ఆ చేపకి గుండెలో ముక్క కోసేసినా మళ్లీ పెరుగుతుంది. ఆయన మందు వేస్తే ఇంకా త్వరగా పెరుగుతోంది. మూడేళ్ల కష్టం! పేపరు అచ్చుకి పంపడమే తరువాయి. అందులో నాలుగో పేరు టెస్సాది.

ఆమె పని తొట్టెలు కడగడం. ఏడాదిన్నర కడిగింది. ఏం నేర్చుకుందంటారా? ఓర్పు నేర్చుకుంది. మా ఊరి ఆనవాయితీ ప్రకారం శుక్రవారం అందరూ చేపల వేపుడు తినడానికి వెళితే తను మాత్రం చికెన్ చెప్పుకోవడం నేర్చుకుంది.

జనవరిలో ఒక మధ్యాహ్నం చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"వెర్నా గారూ, మందు వేసిన తొట్టెల్లో నీళ్లు వెచ్చగా ఉంటున్నాయి. మిగతావాటిలో అలా లేవు."

"నీ చేతులు చల్లబడి ఉంటాయిలే."

"థర్మామీటరు పెట్టి వారం చూశాను. మూడు డిగ్రీల తేడా. ఆ తొట్టెలున్న అర కింద హీటరు పైపు పోతోంది. వెచ్చటి నీళ్లలో మందు లేకపోయినా గుండె త్వరగానే పెరుగుతుంది కదా?"

నాకు వెంటనే అర్థమైంది. అనుభవజ్ఞురాలిని కదా, మంచి సలహా ఇచ్చాను.

"నీకు సిఫార్సు ఉత్తరం రాసేదెవరు?"

"హౌగెన్ గారు."

"ఆయన రాసేదాకా నోరు మూసుకో. నిజం ఎక్కడికీ పోదు."

"రేపు నేను డాక్టరునయ్యాక, ఆ మందు నేనే ఎవరికైనా రాయాల్సొస్తే?" అంది టెస్సా. తిన్నగా ఆయన గదిలోకి వెళ్లింది.

తలుపు గంటసేపు తెరుచుకోలేదు. ఏడ్చిన కళ్లతో బయటికొచ్చింది. వెనకే వచ్చిన హౌగెన్ గారు మందు తొట్టెలో ఒకసారి, పక్కదానిలో ఒకసారి చెయ్యి పెట్టి చూశారు. "తొట్టెలు అటువి ఇటు మార్చండి" అన్నారు నాతో. టెస్సాతో మాత్రం రెండు నెలలు మాట్లాడలేదు.

మార్చాక, వెచ్చటి చోటికి వచ్చిన మందు లేని చేపలే ముందు కోలుకున్నాయి. పేపరు ఆగిపోయింది. టెస్సా అప్లికేషన్‌లో పేపర్ల గడిలో సున్నా. ఆపించిన పేపర్లు ఎన్ని అనే గడి ఎవరూ పెట్టలేదు మరి.

పద్నాలుగు చోట్ల అప్లై చేస్తే రెండుచోట్లే ఇంటర్వ్యూకి పిలిచారు. ఒకచోట అడిగారట, "రెండు వేల గంటలు పనిచేసి ఒక్క పేపరూ లేదేం?" అని.

"ఒకటి ఉండేది. నేనే ఆపించాను" అందట.

సీటు ఇచ్చారు. అప్లికేషన్‌తో పంపిన సిఫార్సు ఉత్తరం హౌగెన్ గారే రాశారు. తప్పులు చూడమని నాకు చూపించారు. "ఈ అమ్మాయి నా తప్పు పట్టుకుంది. మూడేళ్లలో నేను ఒక్కసారి కూడా ఆ నీళ్లలో చెయ్యి పెట్టి చూడలేదు" అని ఉంది. దిద్దడానికి నాకేమీ దొరకలేదు.

కాబట్టి, డాక్టరు కావాలంటే ముందు పరిశోధన అనుభవం ఉండి తీరాలన్న నియమాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. ఒక చిన్న సవరణ మాత్రం అడుగుతాను. దాన్ని ప్రొఫెసర్లకీ, మేనేజర్లకీ కూడా వర్తింపజేయండి. తొట్టెలు కడిగేవాళ్ల జాబితాలో మంగళ, గురువారాలకి నా పేరు రాసుకున్నాను. నా కింద హౌగెన్ గారి పేరుంది.