హేజెల్ గొంతుకు తొందర లేదు

ఇంటికొక గొంతు పోయిన మనిషి ఉండాలి! ఉంటే డర్బన్ పక్కనున్న మన టోంగాట్ ఊరు ఎప్పుడో స్వర్గమైపోయేది. నవ్వకండి. దక్షిణాఫ్రికాలో అందరికీ ఓటు వచ్చి రెండేళ్లయింది, ఎక్కడ చూసినా మైకులే. పాత పాలన పాపాలన్నీ కమిషన్ ముందు చెప్పుకుంటున్నారు: రేడియోలో నిజాలు, టౌన్‌హాల్లో నిజాలు. ఇంత నిజాన్ని ఏ ఊరైనా అరిగించుకోగలదా? అందుకే హేజెల్‌కు వచ్చింది జబ్బు కాదు, వరం!

హేజెల్ బట్టల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్లుగా మిషన్ కుడుతోంది. ఒక మంగళవారం లేచేసరికి గొంతు లేదు. జలుబు లేదు, వాపు లేదు. నోరు తెరిస్తే గాలి వస్తోంది, మాట రావడం లేదు.

ఎంతమందికి మేలు జరిగిందో చూడండి! ఫ్యాక్టరీలో ఆమె వెనక మిషన్ మీద కూర్చుని, చర్చిలో పదేళ్లుగా ఆమె వెనక నిలబడి పాడుతున్న బెరిల్‌కు మొదటిసారి సోలో దక్కింది. ఫ్యాక్టరీ డాక్టరు పైపైన చూసి, రెండు వారాలు పెదవి కదపొద్దని కాగితం రాసిచ్చాడు. ఎంత శ్రద్ధ!

అందరికంటే కష్టపడింది బావ సెసిల్. అక్క మేబుల్ మొగుడు, ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్, బాప్టిస్టు చర్చిలో డీకన్, అంటే సంఘం పెద్ద. పూటకోసారి అల్లం, తేనె మోసుకొచ్చాడు. ఆదివారం ఆమె తలమీద చెయ్యి పెట్టి మరీ ప్రార్థించాడు.

"ప్రభువా, మా హేజెల్ గొంతు ముట్టు. నీ టైములోనే తండ్రీ. తొందర లేదు."

తొందరెందుకుంటుంది? గురువారమే ఎంక్వైరీ!

సంగతి ఇది. ఇస్త్రీ గదిలో మంట లేచింది. వెనక తలుపుకు తాళం. అక్కడే పనిచేసే తొకొజిలే కిటికీ అద్దం పగలగొట్టి హేజెల్‌తో సహా పన్నెండుమందిని బయటికి తోసింది. మోచేతి దాకా చెయ్యి చీరుకుపోయింది. అందుకు కంపెనీ ఇచ్చిన బహుమానం ఒక ఛార్జిషీటు: తాళంచెవి ఆమెకిస్తే పోగొట్టిందట! ఇచ్చానని సెసిల్ సంతకం పెట్టాడు. ఛార్జి నిలిస్తే ఆమె ఉద్యోగం పోతుంది.

కానీ ఆ పొద్దున తాళం వేసి, చెవి కోటు జేబులో వేసుకున్నది సెసిలే. హేజెల్ కళ్లారా చూసింది. సోమవారం యూనియన్ దగ్గరికి వెళ్లి, నేను చెబుతానంది. సాయంత్రానికల్లా మేబుల్ వచ్చి గుమ్మంలోనే అందుకుంది.

"ఏటే, బుద్ధుందా నీకు? ఆ మనిషి నీకేటవుద్ది? బావ నీకేటవుతాడు? నా ఇల్లు కూల్చీసి ఏ మొహం పెట్టుకుని చర్చికొస్తావే?"

తెల్లారేసరికి గొంతు లేదు.

తొకొజిలే కట్టు కట్టిన చేత్తో చూడ్డానికొచ్చి తన జులూ పద్ధతిలో ఆశ్చర్యపోయింది. "హౌ, హేజెల్! నేను తాళంచెవి పోగొట్టానన్నారు. నువ్వు గొంతు పోగొట్టుకున్నావు. నీకింకా ఛార్జిషీటు రాలేదా?"

ఇంతటి శాంతిని చెడగొట్టింది హరిప్రియ. నిరుడు గుంటూరు నుంచి వచ్చి డర్బన్‌లో స్పీచ్ థెరపిస్టుగా చేరింది. యూనియన్ వాళ్లు హేజెల్‌ను ఆమె దగ్గరికి తీసుకెళ్లారు. మందు ఇవ్వలేదు. దగ్గమంది. హేజెల్ దగ్గితే గది ఖంగుమంది!

"విన్నారా? స్వరతంతువులు చక్కగా కలుస్తున్నాయి. దగ్గు చివర 'మ్' అని పట్టుకోండి."

దగ్గించింది, మూలిగించింది, మెడ నొక్కింది. ఆ తర్వాత ఏ డాక్టరూ అడగని ప్రశ్న అడిగింది.

"గొంతు పోయిన ముందురోజు మీతో ఎవరేమన్నారు?"

హేజెల్ సంగతంతా కాగితం మీద రాసిచ్చి బావురుమంది. ఏడుపుకీ గొంతుంది!

"మీరు నటించడం లేదు. చెప్పాలని ఒకపక్క, చెప్పొద్దని ఒకపక్క లాగితే మెడ కండరాలు బిగుసుకుపోతాయి. మళ్లీ అనండి, మ్..."

"మ్... మ్... మా బావ."

రెండు పూటల వైద్యం, అంతే. గురువారం ఎంక్వైరీలో హేజెల్ బొంగురు గొంతుతో లేచి నిలబడింది.

"తాళం మా బావే ఏసినాడు. చెవి ఆయన జేబులోనే ఉంది. నేను సూసినాను."

సెసిల్ జాలిగా తల ఊపాడు. "జబ్బు మనిషి, పాపం. ఏటంటుందో తనకే తెలీదు."

ఒక్కరి మాట చాలదన్నాడు ఎంక్వైరీ అధికారి. ఇంకెవరైనా చూశారా? కిటికీలోంచి బతికి బయటపడ్డవాళ్లు ఇంకా పదకొండుమంది, వెనక బెంచీల మీదే ఉన్నారు. వాళ్లలో మర్టిల్ తన చెప్పులు చూసుకుంది.

"బెరిల్, నువ్వు నా యెనకాలే కూకున్నావు కదే!"

బెరిల్ గాజు సర్దుకుంది.

తొకొజిలే ఉద్యోగం పోయింది.

హేజెల్‌ది జబ్బే, ఒప్పుకుంటాను. జబ్బు కాబట్టి నయమైంది. ఆ పదకొండుమందికి గొంతులో ఏ లోపమూ లేదండీ! మొన్న ఆదివారం వాళ్లు పాడిన పాటకు చర్చి రేకులు అదిరిపోయాయి.