ముప్పై రెండు తీసేస్తే

ఆ మే నెల పొద్దున గురునాథం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఈ హిందీ ఊరి శివార్లలో, సిల్తారాలో, తాను అసిస్టెంట్ మేనేజరుగా పనిచేసే స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీకి వెళ్లడం, మిగిలిన ఒక్క పనీ ముగించడం, మధ్యాహ్నానికల్లా శంకర్ నగర్‌లోని ఇంటికొచ్చి భార్య సుభద్రతో విజయనగరం వెళ్లే సాయంత్రం బండెక్కడం. ఎల్లుండి సుభద్ర తమ్ముడి పెళ్లి.

"మా చెల్లి పెళ్లికి సెలవు కేన్సిలన్నారు. మా పిన్ని కూతురి పెళ్లికీ అదే పాట. ఈసారి తమ్ముడిదండీ! మీరు రాకపోతే నేనొక్కదాన్నే ఎల్లిపోతాను. మళ్లీ ఎప్పుడొస్తానో నాకే తెలీదు," అంది సుభద్ర టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

"టెన్షన్ పడకు. ఛుట్టీ పక్కా శాంక్షనయింది. ఒక్క బోర్డు రాయించి వచ్చేస్తాను," అన్నాడు గురునాథం.

ఆ బోర్డు కథేమిటంటే, ఫ్యాక్టరీలో ఓ పాత అమెరికా కంప్రెసర్ ఉంది. దాని సూచనలన్నీ ఫారెన్‌హీట్‌లో ఉంటాయి. మర్నాడు యజమాని సేఠ్‌జీ చూడ్డానికొస్తున్నాడు కాబట్టి వాటిని సెల్సియస్‌లోకి మార్చి యంత్రం ముందు వేలాడదీయాలని జనరల్ మేనేజర్ దేవాంగన్ ఆజ్ఞ. ఆ పని గురునాథానికే పడింది. తొమ్మిదో తరగతిలో నేర్చుకున్న సూత్రాన్ని ఫ్యాక్టరీ మొత్తంలో అంత గట్టిగా పట్టుకున్నవాడు ఇంకొకడు లేడు. ముప్పై రెండు తీసెయ్యి, ఐదుతో గుణించు, తొమ్మిదితో భాగించు. నిద్రలో లేపి అడిగినా చెబుతాడు, అడక్కపోయినా చెబుతాడు.

సూచనల్లో ఒక వాక్యం ఉంది. యంత్రాన్ని చల్లబరిచే నీళ్లు లోపలికెళ్లేటప్పటికీ బయటికొచ్చేటప్పటికీ పద్దెనిమిది ఫారెన్‌హీట్ డిగ్రీలకు మించి వేడెక్కకూడదు. గురునాథం ముప్పై రెండు తీసేశాడు, గుణించాడు, భాగించాడు. మైనస్ ఏడు పాయింట్ ఎనిమిది వచ్చింది. చూడ్డానికి బాగుండదని మైనస్ ఎనిమిది చేశాడు. యంత్రం వేడిని మోసుకొచ్చే నీళ్లు వెళ్లినప్పటికంటే చల్లగా ఎలా వస్తాయని ఒక్క క్షణం అనుమానం వచ్చిన మాట నిజమే. కానీ సూత్రం సూత్రమే కదా. పైగా అమెరికా యంత్రం. అక్కడి నీళ్ల సంగతి మనకేం తెలుసని సర్దుకుని బోర్డు రాయించేశాడు.

పెయింటు ఆరకముందే దేవాంగన్ వచ్చి గొట్టాలకున్న రెండు సెల్సియస్ థర్మామీటర్లూ చూశాడు. లోపలికి ముప్పై నాలుగు, బయటికి నలభై. ఆయన ముఖం పాలిపోయింది.

"అరే భగవాన్! ఉండాల్సింది మైనస్ ఎనిమిది, ఉన్నది ప్లస్ ఆరు. పద్నాలుగు డిగ్రీలు ఎక్కువ! ఇన్నేళ్లూ ఈ మిషన్ పేలకుండా ఎలా ఉంది?" అన్నాడు హిందీలో. పెద్దాయన భయపడ్డాక మిగతావాళ్లు భయపడకపోతే మర్యాద కాదు కాబట్టి అందరూ భయపడ్డారు. "గురునాథ్‌జీ, ఛుట్టీ కేన్సిల్. ఆ పద్నాలుగు దిగేదాకా మీరు కదలొద్దు."

పక్కనున్న భన్‌పురి నుంచి లారీడు ఐసు దిమ్మలు తెప్పించి నీళ్ల ట్యాంకులో వేశారు. లోపలికెళ్లే నీళ్లు ఇరవైకి దిగాయి. బయటికి ఇరవై ఆరులో వచ్చాయి. తేడా ఆరే. రెండో లారీ తెప్పించారు. లోపలికి పన్నెండు, బయటికి పద్దెనిమిది. ఆ ఆరు ఎక్కడికీ పోవడంలేదు. చివరికి దేవాంగన్‌కే మెరిసింది.

"చల్లగా ఉండాల్సింది బయటికొచ్చే నీళ్లు కదా! మరి ఐసు లోపలికెళ్లే నీళ్లలో ఎందుకేస్తున్నారు?"

అందరూ ఆయన బుర్రకి దండం పెట్టారు. ట్యాంకులో నీళ్లు మార్చి, మిగిలిన ఐసును గోనెసంచుల్లో నింపి బయటి గొట్టానికి, థర్మామీటరుతో సహా, కట్టేశారు. లోపలికి ముప్పై నాలుగు. బయటికి ఇరవై ఆరు. మైనస్ ఎనిమిది! చప్పట్లు కొట్టారు. అకౌంట్స్ వాళ్లు చల్లదనానికి కుర్చీలు తెచ్చుకుని కంప్రెసర్ పక్కనే కూర్చున్నారు. పద్నాలుగు డిగ్రీలు దించేశామని దేవాంగన్ సేఠ్‌జీకి ఫోన్ చేశాడు.

"ఇక నేను వెళ్లొచ్చా సార్?" అడిగాడు గురునాథం.

"రేపు సేఠ్‌జీ వచ్చేదాకా ఆ ఐసు కరగకూడదు. మీరే చూడాలి."

గురునాథం ఇంటికి ఫోన్ చేసి, ఐసూ థర్మామీటరూ గొడవంతా చెప్పుకున్నాడు. సుభద్ర అంతా విని ఠక్కున ఫోన్ పెట్టేసింది. దాంతో అతనికి నిజంగా భయం వేసింది. అరగంటకి ఆమే ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది.

"ఏటండీ, పొద్దున తొంభై తొమ్మిదున్న జ్వరం నూట నాలుగయింది. ఐదు డిగ్రీలు పెరిగింది. మీ సాబుకి చెప్పి జల్దీ రండి."

గురునాథం పరుగెత్తాడు. "సార్, మా ఆవిడకి జ్వరం! ఐదు డిగ్రీలు పెరిగింది, ఫారెన్‌హీట్‌లో!"

"మనకిప్పుడంతా సెల్సియస్సే కదా. అందులో ఎంత?"

అలవాటుకొద్దీ గురునాథం నోరు దానంతటదే లెక్కకట్టేసింది. "ఐదులో ముప్పై రెండు తీసేస్తే... మైనస్ పదిహేను సార్."

దేవాంగన్ ముఖం వెలిగిపోయింది. "పదిహేను దిగిందా! ముబారక్ హో! ఇంకెందుకండీ కంగారు?"

గురునాథం ఈసారి వేళ్లమీద లెక్కపెట్టాడు. తొంభై తొమ్మిదంటే ముప్పై ఏడు. నూట నాలుగంటే నలభై. తేడా మూడు, అదీ పెరుగుదలే. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే అక్కడ సుభద్ర ఒక్కతే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"తేడాకి ముప్పై రెండు తీయకూడదు సార్. రెండు అంకెల్లోనూ ఆ ముప్పై రెండు ఉంటుంది, ఒకదాంట్లోంచి ఒకటి తీసేసినప్పుడే అది పోతుంది. మళ్లీ తీశాను. తప్పు నాదే."

"అంటే, ఆ పద్దెనిమిది?"

"పది సార్. మనది ఆరు. మొదట్నుంచీ బాగానే ఉంది."

దేవాంగన్ బోర్డు వంక చూశాడు. గోనెసంచుల వంక చూశాడు. సేఠ్‌జీకి శుభవార్త చెప్పిన ఫోను వంక చూశాడు.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదు సార్."

"రేపు సేఠ్‌జీ అడిగితే?"

"అడిగితే చెప్పాలి కదా సార్."

"ఇంట్లో ఆవిడకి అంత జ్వరమైతే మీకిక్కడేం పనయ్యా!" అని గర్జించాడు దేవాంగన్. "పదిహేను రోజులు ఛుట్టీ. నా జీపులో వెళ్లండి. ఇప్పుడే!"

ఇంటికెళ్లేసరికి సుభద్ర పట్టుచీర కట్టుకుని సూట్‌కేసు మీద కూర్చుని ఉంది. బల్లమీద సగం చల్లారిన టీ గ్లాసు, అందులో థర్మామీటరు.

"జ్వరమేదే?" అన్నాడు గురునాథం రొప్పుతూ.

"అదిగో, టీలో ఉంది. మీరు ఐసు కట్టి దించారు, నేను టీలో ముంచి పెంచాను. ఆటో పిలవండి, బండి టైమయింది."

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. పదిహేను రోజుల తర్వాత గురునాథం వచ్చి చూస్తే బోర్డుకి గాజు ఫ్రేము, పైన బంతిపూల దండ. సేఠ్‌జీ మెచ్చుకుని, రోజూ ఐసు రావాలని ఆర్డరు వేసి వెళ్లాడట. ఆ మండుటెండల్లో సిల్తారా మొత్తానికి సుఖంగా ఉన్నది ఆ ఒక్క థర్మామీటరే.