గీత పడని సర్వే

తాళం వేసిన గదిలో ఆస్బెస్టాస్ ఉండదు. ఉండదంటే ఉండదు! ఈ సంగతి మా ఆఫీసులో ఈమధ్యే రుజువైంది కాబట్టి, పాఠకులు ధైర్యంగా నమ్మవచ్చు.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఆస్బెస్టాస్ అంటే పాత కట్టడాల సీలింగు అట్టల్లో, గోడ పలకల్లో, గొట్టాల చుట్టూ కలిసి ఉండే ఒక పీచు. కదపకపోతే దాని మానాన అది ఉంటుంది. డ్రిల్లు పెడితే మాత్రం కంటికి కనిపించని దుమ్మై లేచి, పీల్చినవాడి ఊపిరితిత్తుల్లో కాపురం పెడుతుంది. అందుకని మరమ్మతులకు ముందు అది ఎక్కడెక్కడ ఉందో వెతకాలి. దాన్నే సర్వే అంటారు.

మా బిల్డింగు వయసులో నాకంటే పెద్దది. వచ్చే సోమవారం నుంచి లోపలి గోడలు పడగొట్టి, వైరింగంతా మార్చాలి. ఆ వైరింగు చేసేది మా ఆవిడ తమ్ముడు. ఇందులో నా రికమెండేషన్ ఏమీ లేదు. వాడు కాంట్రాక్టరు దగ్గర ఎప్పటినుంచో ఎలక్ట్రీషియన్.

మంగళవారం సర్వేయరమ్మ వచ్చింది. ముఖానికి మాస్కు, చేతిలో ఉలి, సంచీలో చిన్న చిన్న ప్లాస్టిక్ కవర్లు. అనుమానం వచ్చిన చోట చిన్న ముక్క తీసి ల్యాబుకి పంపుతుందట. మా మేనేజరు గారు ఆమె వెనకే నడిచారు.

"ఈ గోడ కొంచెం విప్పి చూడాలండీ."

"అయ్యో, వద్దమ్మా! పెయింటు పాడవుతుంది."

"సోమవారం దీన్ని పడగొట్టేస్తున్నారు కదండీ?"

"సోమవారం సంగతి సోమవారం. ఇవాళ మాత్రం గీత పడటానికి వీల్లేదు."

చూశారా, ఆ బాధ్యత! వారం తిరక్కుండా కూలబోయే గోడ మీద అంత మమకారం మీకుంటుందా? నాకైతే లేదు.

సీలింగు తీద్దామంటే కంప్యూటర్ల మీద దుమ్ము పడుతుందన్నారు. కార్పెట్టు ఎత్తుదామంటే అది నిరుడే వేశామన్నారు. కరెంటు ప్యానెల్ గదికి తాళం. తాళంచెవి స్టోర్ కీపర్ దగ్గర, స్టోర్ కీపర్ సెలవులో! ఆమె మాత్రం పద్ధతి గల మనిషి. అడ్డుపడిన ప్రతిచోటా "చూడలేదు, ఉన్నట్టే భావించి జాగ్రత్తపడాలి" అని రాసుకుంది. ఆఖరికి ఆమెను చూడనిచ్చినవి వరండా, మెట్లు, స్కూటర్ల షెడ్డు.

రిపోర్టు వచ్చింది. వరండాలో లేదు. మెట్ల మీద లేదు. షెడ్డులో అసలే లేదు. "మన బిల్డింగులో ఆస్బెస్టాస్ లేదు" అని మేనేజరు గారు వెంటనే నోటీసు అంటించారు. చూసినచోట దొరకలేదు, మిగతా చోట చూడలేదు. రెండూ కలిపితే ఎక్కడా లేదు. ఇందులో తప్పు పట్టడానికి ఏముంది?

ఈ పద్ధతిని అందరూ పాటించాలని నా మనవి. షుగరు ఉందేమోనని భయమా? రక్తం ఇవ్వకండి, ఎత్తూ బరువూ చూపించుకుని రండి. కారు బ్రేకులు అనుమానంగా ఉన్నాయా? చక్రం విప్పనివ్వకండి. హారన్ నొక్కి చూడండి, మోగితే క్షేమంగా ఉన్నట్టే!

పైగా ఈ దుమ్ముకి తొందరన్నది తెలియదు. ఇరవై ముప్పై ఏళ్లు కూర్చుని మరీ రోగాన్ని బయటపెడుతుంది. అప్పటికి మేనేజరు గారు రిటైరై మనవలకు కథలు చెబుతుంటారు. కాంట్రాక్టరు బోర్డు మార్చేసి ఉంటాడు. డ్యూటీలో మిగిలేది మా బావమరిది ఊపిరితిత్తులే. ఇంత మర్యాదగా, అందరినీ సాగనంపి వచ్చే ప్రమాదం ఇంకొకటి ఉందా?

మా ఆవిడకి ఈ తర్కం తలకెక్కలేదు. "వాడికి ఇంకా నడక రాని పిల్ల ఉంది. చూడకుండా వాణ్ణి నిచ్చెనెక్కిస్తే నేనూరుకోను," అంది.

వాడు రిపోర్టంతా తిరగేశాడు. "బావా, చూడలేదని రాసినవన్నీ నేను డ్రిల్లు పెట్టే చోట్లేనే?"

"అదృష్టంరా," అన్నాను. అన్నానే గానీ వాడి మొహం చూడలేకపోయాను.

సోమవారం పొద్దున్నే మేనేజరు గారి దగ్గరికెళ్లి, ఇంత పెద్ద పనికి మొదటి కన్నం తమరి చేతుల మీదుగా పడితే బాగుంటుందని విన్నవించుకున్నాను. ఆయన పొంగిపోయారు. టై సవరించుకున్నారు, ఫోటోగ్రాఫరుని పిలిపించమన్నారు. మా బావమరిది చేతిలోని డ్రిల్లు తీసుకుని ఆయనకిచ్చాను.

"ఎక్కడయ్యా వెయ్యాలి?"

"ప్యానెల్ గదిలో సార్. తల పైకెత్తి, సరిగ్గా మీ ముక్కుకి ఎదురుగా."

డ్రిల్లు మెల్లగా కిందికి దిగింది. "ఆ గది చూశారా?"

"చూడలేదని రాసే ఉందండీ."

"చూడకుండా ఎలాగయ్యా? మనుషులమా, పశువులమా? ఆ సర్వేయరమ్మకి ఫోన్ చెయ్యి! తాళం పగలగొట్టించు! గోడ విప్పించు!"

పెయింటు మాటే ఎత్తలేదు. ఇందువల్ల మీకు మనవి చేసేదేమిటంటే, డ్రిల్లు మా బావమరిది చేతిలో ఉన్నంతసేపూ ఆ గది శుభ్రంగానే ఉంది.